ఎల్లాజీ పేరు మీద వచ్చిన బొమ్మ

జూన్ 2

బల్ల తుడిచాను. తెర ఉతికి ఆరేశాను. ఉప్పుగాలికి బిగుసుకుపోయిన తలుపు బందులకి చేపనూనె రాశాను. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే యంత్రం మళ్ళీ సగమే పనిచేస్తోందని వరసలో నిలబడ్డవాళ్ళు నన్ను తిట్టారు. ఆ యంత్రానికీ నాకూ సంబంధం లేదు. ఉదయాన్నే ఎదురుపడిన ప్రభుత్వ ఉద్యోగిని నేనొక్కదాన్నే కాబట్టి తిట్టారు.

ఈ రోజు చూపుబల్ల మీద తొమ్మిది మందికి వంతు. వంతు ఉన్నవాళ్ళు గంట ముందు వచ్చి లీటరు మంచినీళ్ళు తాగాలి. తాగి ఆపుకోవాలి. మూత్రపు సంచి నిండుగా ఉంటేనే, బల్లకి తగిలించిన పట్టీ పొట్ట కింద చుట్టుకున్నప్పుడు అందులోంచి వెళ్ళే ధ్వని సంచి గోడల్ని తడిమి వెనక్కి వచ్చి నా పలక మీద బొమ్మ కడుతుంది. గోడ మీద గడ్డ ఏదైనా మొలిస్తే అందులో తెలిసిపోతుంది. గొట్టం లేదు, సూది లేదు, బట్ట విప్పక్కర్లేదు. మా అమ్మమ్మ కాలంలో దీనికోసం మనిషి లోపలికి కెమెరా గొట్టం దూర్చేవారట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా తెప్పల మీద తేలే మా తెప్పలవరంలో మగవాళ్ళు కూర్చున్నచోటే కాళ్ళు దగ్గరకి పెట్టుకుంటారు.

నిజానికి జనం ఇక్కడికి వచ్చేది గడ్డ కోసం కాదు, ఆ లీటరు కోసం. మనిషికి రోజుకి రెండు లీటర్లు కొలిచిపోసే ఊళ్ళో ఒకేసారి లీటరు నీళ్ళు, అదీ నిమ్మరసం పిండి, ఊరికే ఎవరిస్తారు? నలభై దాటినవారికి ఏడాదికి ఒక్క వంతు. వంతుకి పేరు చెక్కిన ఒక రేకు బిళ్ళ. ఆ బిళ్ళని పెళ్ళి గొలుసుకంటే భద్రంగా దాచుకుంటారు.

బల్లకీ నాకూ మధ్య మందపాటి తెర ఉంటుంది. వచ్చినవారు అటు తలుపులోంచి వస్తారు, బిళ్ళ గాడిలో వేస్తారు, పట్టీ చుట్టుకుని కూర్చుంటారు. మాట్లాడకూడదు. సిద్ధమైతే చెక్క మీద ఒకసారి కొట్టాలి. ఇక ఆపుకోలేకపోతే రెండుసార్లు. నాకు కనిపించేది బొమ్మ, దాని పక్కన బిళ్ళ మీది పేరు, అంతే. ఆరేళ్ళ కిందట ఊరి సంఘం పెట్టిన ఏర్పాటిది. నా నోటి మూలంగానే పెట్టారని కొందరంటారు. ఊళ్ళో పనిలేనివాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

ఐదుగురివి శుభ్రంగా ఉన్నాయి. ఆరో బిళ్ళ మైలపల్లి ఎల్లాజీది. అరవై ఒకటేళ్ళు, తాళ్ళు పేనే మనిషి, భార్య పోయి నాలుగేళ్ళయింది. సంచికి కుడివైపు గోడ మీద వేరుశనగ గింజంత ఒకటి కనిపించింది. చిన్న తొడిమ, పైన కాలీఫ్లవర్ మొగ్గలాంటి తల. పదకొండేళ్ళలో ఇలాంటిది నాకు రెండోసారి. బొమ్మని ఆసుపత్రి ఓడలో ఉన్న డాక్టర్ సలోమిగారికి పంపాను. మిగతా ముగ్గురినీ చూశాను కానీ మనసంతా ఎల్లాజీ బాబాయ్ మీదే ఉంది.

జూన్ 3

డాక్టరుగారు రేడియోలో మాట్లాడారు. గడ్డ అనుమానించదగ్గదే అన్నారు. ఇంకా చిన్నదేనట, తొడిమ మీదే ఉందట. ఓడ పన్నెండున మన రేవుకి వచ్చి పద్నాలుగున వెళ్ళిపోతుంది. ఆ రెండు రోజుల్లో అయితే సన్నని గొట్టంతో అరగంటలో గీకి తీసేస్తామన్నారు. వదిలేస్తే మళ్ళీ ఓడ వచ్చేది నవంబరులో. అప్పటికి అది గోడలోకి వేళ్ళు దించితే సంచి మొత్తం తీసేయాల్సి రావచ్చు, అంతకంటే పెద్ద నష్టమే జరగవచ్చు.

"ఇంకొక్క మాట వేణిగారూ. మీ ఎల్లాజీగారికి గర్భసంచి ఉంది."

పలక తెచ్చుకుని మళ్ళీ చూశాను. ఉంది. మూత్రపు సంచి వెనకాల బోర్లించిన బేరిపండులాగ స్పష్టంగా ఉంది. పదకొండేళ్ళుగా నేను సంచినే చూస్తున్నాను, సంచి వెనకాల ఏముందో ఎప్పుడూ చూడలేదు. పక్కింటివాళ్ళ పెరట్లోకి తొంగిచూడటం నా అలవాటు కాదని గొప్పగా చెప్పుకోవచ్చు. అసలు విషయం, చూడాలని నాకు తోచలేదు.

మధ్యాహ్నం తాళ్ళ తెప్పకి వెళ్ళాను. బల్ల మీద కూర్చున్నది నువ్వేనా బాబాయ్ అని అడిగాను. తన బిళ్ళ, తన వంతు, తనే కూర్చున్నానన్నాడు. నీళ్ళు చాలా బాగున్నాయని కూడా అన్నాడు. అప్పుడు డాక్టరుగారి మాట చెప్పాను. ఆయన పేనుతున్న తాడు ఆపి, గడ్డం గోక్కుని, చాలాసేపు ఆలోచించాడు.

"ఉంటే ఉండుండొచ్చమ్మా. నేనెప్పుడూ సూసుకోలేదు."

పావుగంట పట్టింది అసలు విషయం బయటికి రావడానికి. ఆయన ఆ వంతుని మే నెలలో మా ఊరి పిల్ల రాజ్యానికి, పెళ్ళికి ముందే చదివింపుగా ఇచ్చేశాడు. ఇదేమీ కొత్త కాదట. తెప్పలవరంలో ఆరేళ్ళుగా పెళ్ళిళ్ళకీ బారసాలలకీ వంతులే చదివిస్తున్నారట. తెర ఉంది కదా, ఎవరు కూర్చున్నా నాకు తెలియదు కదా. నేను విందుకి వెళ్ళినప్పుడు మాత్రం మైకులో 'ఫలానావారు ఒక స్టీలు గిన్నె' అని చదివేవారట. ఈ ఊళ్ళోకి ఇన్ని స్టీలు గిన్నెలు ఎక్కణ్ణించి వస్తున్నాయా అని నేను చాలాసార్లు ఆశ్చర్యపోయిన మాట నిజం.

ఆరేళ్ళ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఇందులో ఎవరి పేరు కింద ఎవరి బొమ్మ ఉందో దేవుడికే తెలియాలి. మిగతావన్నీ శుభ్రంగా ఉన్నవే కాబట్టి బతికిపోయాను. ఈ ఒక్క బొమ్మ మాత్రం ఊళ్ళో ఏదో ఒక ఆడమనిషిది. ఆవిడని నేను పన్నెండో తేదీలోపు పట్టుకోవాలి.

జూన్ 4

రాజ్యం పెళ్ళయి ఇంకా నెల తిరగలేదు. పసుపు కాళ్ళతో ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూడగానే స్టీలు గిన్నెల సంగతి తెలిసిపోయిందని గ్రహించి ఏడుపు మొహం పెట్టింది. నీకేమీ కాదని ఒట్టేసి అడిగితే చెప్పింది. పెళ్ళిచీరకి ఎరుపు అద్దినందుకు ఆ బిళ్ళని రంగుల తెప్పవాళ్ళకి ఇచ్చిందట. తొమ్మిది మందీ చీర పట్టుకుని నవ్వుకుంటూ వచ్చారట. ఎవరో ఒకరి చేతిలో పెట్టింది. ఎవరి చేతిలోనో గుర్తులేదు పిన్నీ, అప్పుడు నా చేతులకి గోరింటాకు ఉంది, కళ్ళు కూడా సరిగ్గా ఎత్తలేదు అంది.

రంగుల తెప్ప అంటే చిక్కే. అక్కడ తొమ్మిది మంది ఆడవాళ్ళు వలలకి రంగు వేస్తారు. పదేళ్ళ కిందట, సముద్రంలో మునిగిపోయిన పాత ఫ్యాక్టరీ ఒకదాన్ని వెతికి, మూతలు బిగిసిన డ్రమ్ముల్లో ఎర్రపొడి పైకి తీశారు. ఆ పొడి అద్దిన వల ఆరేళ్ళయినా చివకదు. చుట్టుపక్కల తేలే ఊళ్ళన్నీ మన దగ్గరికే వస్తాయి. తొమ్మిది కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి. ఆ మధ్య ఒకావిడ చేతులు పుళ్ళు పడితేనే సంఘం మూడు నెలలు ఆ తెప్ప మూయించింది. ఇప్పుడు ఆ పొడి వల్లే గడ్డ అంటే శాశ్వతంగా మూసేస్తారు. నేను వెళ్ళి అడిగితే తొమ్మిది నోళ్ళూ ఒక్కసారే మూసుకుంటాయి.

ఇంకో అడ్డంకి కూడా ఉంది. ఆ తెప్పకి పెద్ద దానమ్మ. మా ఆయనకి స్వయానా అక్క. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. నాకూ ఆవిడకీ ఆరేళ్ళుగా మాటల్లేవు. నేనున్న గదిలో అడుగుపెట్టనని ఒట్టేసుకుంది, తన వంతు బిళ్ళ సంఘానికి తిరిగి ఇచ్చేసింది. కారణం రాయడానికి ఇప్పుడు తీరిక లేదు.

తొమ్మిది మందినీ వరసగా చూస్తాను, తొమ్మిది లీటర్లు అదనంగా ఇవ్వండి అని సంఘాన్ని అడిగాను. ఎందుకన్నారు. కారణం చెప్పలేకపోయాను. యంత్రం సగమే నడుస్తోంది, కుదరదన్నారు.

జూన్ 5

నాకొక ఉపాయం తట్టింది. ఈ పేజీ డాక్టరుగారు చదవరనే ధైర్యంతో రాస్తున్నాను.

నాకేమీ తెలియనట్టే ఉంటాను. ఎల్లాజీకి గడ్డ వచ్చిందనీ, ఓడ మీద కోస్తారనీ ఊరంతా తెలియనిస్తాను. బల్ల మీద కూర్చున్నది ఆయన కాదని ఆ ఆడమనిషికి తెలుసు. తన బదులు ఒక అమాయకుణ్ణి కోస్తుంటే చూస్తూ ఊరుకునేంత రాతిగుండె మా ఊళ్ళో ఎవరికీ లేదని నా నమ్మకం. రెండు రోజుల్లో తనే వస్తుంది.

ఎల్లాజీ బాబాయ్‌ని ఒప్పించడం కష్టమవుతుందనుకున్నాను. ఆయన ఒకటే అడిగాడు. జబ్బు మనిషినని తెలిస్తే ఇళ్ళలోంచి కూరలు పంపుతారా అని. నాలుగేళ్ళుగా తన వంట తనే తింటున్నాడు పాపం. పంపుతారన్నాను. వెంటనే మంచం వాల్చుకుని పడుకున్నాడు.

మంచినీళ్ళ వరసలో ఒక్కరి చెవిన వేశాను. నా బిందె నిండేలోపు ఆ వార్త నాకే తిరిగి వచ్చింది. తిరిగి వచ్చేటప్పటికి గడ్డ కొబ్బరికాయంత అయింది.

జూన్ 7

ఎవరూ రాలేదు. కూరలు వచ్చాయి.

నిన్న ఎల్లాజీ బాబాయ్ ఇంటికి వంజరం పులుసు, పీతల ఇగురు, రొయ్యల వేపుడు వచ్చాయి. ఈ రోజు చందువా వేపుడు, పప్పుచారు, సొరచేప పిట్టు, ఇంకా ఏవేవో. ఏ గిన్నె ఎవరింటిదో రాసుకున్నాను. రంగుల తెప్ప నించే ఆరు గిన్నెలు వచ్చాయి, అవే అన్నిటికంటే బాగున్నాయి. తప్పు చేసిన చెయ్యి మసాలా ఎక్కువ వేస్తుందేమో అనుకుని అన్నీ రుచి చూశాను. ఆరింటిలోనూ మసాలా ఎక్కువే ఉంది. ఆ పద్ధతి పనికిరాలేదు.

బాబాయ్ నటన మితిమీరుతోంది. అడిగినా అడక్కపోయినా మూలుగుతున్నాడు. మూలుగు మధ్యలో, పీతలు ఇంకా ఉన్నాయేమో కనుక్కోమంటున్నాడు. వద్దు బాబాయ్, నీకున్న జబ్బుకి మూలుగు రాదు అని చెప్పాను. వచ్చేవాళ్ళకి ఏదో ఒకటి వినపడాలి కదమ్మా అన్నాడు.

జూన్ 9

ఆయన తన రేడియోని ముగ్గురికి రాసిచ్చాడు. మడతమంచం ఇద్దరికి. ఎప్పుడో పదిహేనేళ్ళ కిందట తాడు దొంగిలించాడని ఒకాయన్ని పిలిపించి పెద్దమనసుతో క్షమించాడు. తను దొంగిలించలేదని ఆయన గొడవపెట్టుకున్నాడు. పోయే మనిషితో వాదించకూడదని పక్కవాళ్ళు నచ్చజెప్పి ఆయన చేత ఒప్పించారు.

దాన వదిన కూడా వచ్చి వెళ్ళిందట. వట్టి చేతులతోనే వచ్చిందట. గుమ్మం దగ్గర కూర్చుని, ఎప్పుడు కోస్తారు, ఎలా కోస్తారు అని అడిగిందట. ఈయన తన ధోరణిలో పొట్ట అడ్డంగా చీరేస్తారని చెప్పాడట. ఆవిడ లేచి వెళ్ళిపోయిందట. తమలపాకు కూడా తేలేదని బాబాయ్ నొచ్చుకున్నాడు.

ఎవరూ ఒప్పుకోవడానికి రాలేదు. మూడు రోజులే ఉన్నాయి.

జూన్ 10

ఉదయం తలుపు తీసేసరికి ఎల్లాజీ బాబాయ్ గుమ్మం మీద కూర్చుని ఉన్నాడు. మొహం పాలిపోయింది. రాత్రంతా నిద్రపట్టలేదట. ఊరంతా అన్నేసి మాటలంటుంటే నిజంగానే తనకి ఉందేమోనని భయం పట్టుకుందట. చూడమన్నాడు. ఆయన వంతు ఎప్పుడో అయిపోయింది. నా వాటా నీళ్ళలోంచి లీటరు తాగించి కూర్చోబెట్టాను.

సంచి శుభ్రంగా ఉంది. దాని కింద మగవాళ్ళకి ఉండే ప్రోస్టేట్ గ్రంథి ఉసిరికాయకంటే పెద్దదిగా ఉంది. ఆ వయసుకి అది మామూలే. గర్భసంచి లేదు. ఆ సంగతి చెప్పాను. ఆయన చేతులు జోడించాడు. నేను నవ్వబోయాను కానీ నవ్వు రాలేదు. మంచి మనిషిని నిద్రలేకుండా చేశాను.

ఇంకేదో కూడా గుచ్చుకుంటోంది. అది రాయకుండా వదిలేస్తే ఈ పుస్తకం అబద్ధమవుతుంది.

ఆరేళ్ళ కిందట తెర లేదు. మనుషులు నా ఎదురుగానే కూర్చునేవారు. ఒకరోజు దాన వదిన నిండు సంచితో కూర్చుంది. నేనేదో హాస్యం ఆడాను. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది, మరొకటి కూడా ఆపుకోలేకపోయింది. బల్ల తడిసింది. ఎవరికీ చెప్పకే వేణీ అంది. సరే అన్నాను. వారం తిరక్కుండా ఒక బారసాలలో, పక్కావిడకి చెవిలో చెప్పి నవ్వించాను. నా ముందున్న మైకు ఆపలేదని తర్వాత తెలిసింది. తెప్పలవరంలో ఉన్న పద్నాలుగు తెప్పల మీదా ఆ మాట వినపడింది. ఊరు నెలరోజులు నవ్వింది. తెర అప్పుడే వచ్చింది. పాత బొమ్మలన్నీ చెరిపేయమని సంఘం అప్పుడే చెప్పింది.

ఆరేళ్ళుగా నేను దాన్ని చిన్న మాటే అని చెప్పుకుంటూ వచ్చాను. చిన్న మాట కాదది.

జూన్ 12

ఓడ వచ్చింది. తెల్లగా, పెద్దగా, ఎప్పటిలాగే మనల్ని చూసి చిరాకుపడుతున్నట్టు కూత పెట్టింది.

ఎల్లాజీ బాబాయ్ ఉతికిన చొక్కా వేసుకుని నిచ్చెన దగ్గరికి నడిచాడు. ఊరంతా వెనకాల వచ్చింది. రేడియో రాసిచ్చిన ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నేను ఆడవాళ్ళ మొహాలు చూస్తున్నాను. రంగుల తెప్ప తొమ్మిది మందీ ఒక వరసలో నిలబడ్డారు. ఎర్రబడిన చేతుల్ని కొంగుల్లో దాచుకున్నారు. ఒక్కరు కదిలితే చాలు. ఎవరూ కదల్లేదు. బాబాయ్ నిచ్చెన ఎక్కుతూ మూడుసార్లు ఆగి వెనక్కి తిరిగాడు. ఆగమని ఎవరూ అనకపోయేసరికి పైకి వెళ్ళిపోయాడు.

డాక్టర్ సలోమిగారికి అంతా చెప్పేశాను. పొట్టిగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి ఆవిడ. ఎల్లాజీ బాబాయ్‌కి టీ ఇప్పించి కూర్చోబెట్టి, నన్ను మాత్రం నిలబెట్టే తిట్టారు. భయపెడితే మనుషులు నిజం చెప్పరు, దాక్కుంటారు, ఇన్నేళ్ళ అనుభవంలో ఆ మాత్రం తెలియదా అన్నారు. ఇంకా రెండు రోజులున్నాయి, రేపు మైకులో నిజం చెప్పు, క్షమాపణ కూడా చెప్పు అన్నారు.

రేపు చెప్తాను. నాకు భయంగా ఉంది. పేరు తెలియని ఒకావిడ ఈ ఊళ్ళోనే తిరుగుతోంది, ఆవిడ బొమ్మ నా దగ్గరుంది. నా తెలివితేటల మూలంగా వారం రోజులు పోయాయి.

జూన్ 13

మైకు దాకా వెళ్ళే అవసరం రాలేదు.

ఉదయం పలక తుడుస్తుంటే తెర పక్కకి జరిగింది. దాన వదిన నిలబడి ఉంది. ఆరేళ్ళలో మేము అంత దగ్గరగా ఎదురుపడటం అదే మొదటిసారి. జుట్టు బాగా నెరిసింది. గోళ్ళ చివర్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎల్లాజీని ఓడ దింపెయ్యమని సెప్పు. ఆ గడ్డ నాది."

ఆవిడే పట్టీ తీసుకుని పొట్ట కింద చుట్టుకుంది. పొద్దున్న కొలిచిపోసిన తన వాటాలోంచి లీటరు తాగేసి వచ్చానంది.

"మళ్ళీ సూడు. ఈసారి నా పేరు రాసి సూడు."

చూశాను. కుడివైపు గోడ, అదే తొడిమ, అదే మొగ్గ. వెనకాల గర్భసంచి. ఈసారి అన్నీ చూశాను. పలక ఆవిడ వైపు తిప్పి ఇదిగో వదినా అని చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, ఇంతేనా అంది.

అప్పుడు చెప్పుకొచ్చింది. మార్చిలో ఒకరోజు మూత్రం ఎర్రగా వచ్చిందట. రంగేమో అనుకుందట. చేతులకీ గోళ్ళకీ కొంగుకీ అన్నిటికీ ఎరుపే కాబట్టి పట్టించుకోలేదట. ఏప్రిల్లో మళ్ళీ వచ్చింది. అప్పుడు భయపడింది. తన పేరు మీద రాలేదు, తన బిళ్ళ తనే తిరిగి ఇచ్చేసింది కదా. రాజ్యం బిళ్ళ చేతిలో పెట్టగానే ఆలోచించుకుంది. ఎల్లాజీ పేరు మీద కూర్చుంటాను, ఎల్లాజీని పిలిపిస్తే నాకు ఉన్నట్టు, పిలిపించకపోతే లేనట్టు. ఎవరి నోటా పడకుండా తెలిసిపోతుంది అనుకుంది.

పిలిపించారని తెలిసిన రోజునే వచ్చేయొచ్చు కదా, ఎందుకు ఆగావు అని అడిగాను.

"వద్దామనే లేచాను. తెప్ప మీద ఎనమండుగురూ పాటలు పాడుకుంటా రంగు కలుపుతున్నారు. ఆ డ్రమ్ములు నీళ్ళలోంచి తీయించింది నేను. ఏటీ కాదు, నేనున్నాను కదా అని ఆళ్ళ చేతులు అందులో పెట్టించింది నేను. నాకుందంటే ఆళ్ళకీ ఉండొచ్చు. ఆ మాట ఏ మొహం పెట్టుకుని సెప్పను?"

ఆవిడ ఏడవలేదు. నేనే ఏడ్చాను. నా నోరు అదుపులో ఉండి ఉంటే నువ్వు మార్చిలోనే నీ పేరు మీద వచ్చేదానివి, తప్పంతా నాది వదినా, అన్నాను.

"వచ్చేదాన్నే," అంది. అంతకంటే ఓదార్పు ఏమీ ఇవ్వలేదు. నేను అడిగే హక్కూ లేదు.

పాపం దిద్దుకోవాలనే తొందరలో ఇంకో తెలివితక్కువ మాట కూడా అన్నాను. పుస్తకంలో ఎల్లాజీ పేరే ఉంది, అలాగే ఉంచేద్దాం, ఓడలో నీకు వైద్యం జరిగిపోతుంది, ఊరికి తెలియదు, తెప్ప మూతపడదు అన్నాను. ఆవిడ నన్ను పైనించి కిందిదాకా చూసింది.

"ఎల్లాజీ పేరు మీద ఉంటే నా పిల్లలకి ఎవరు సెప్తారు?"

పిల్లలు అంటే ఆ ఎనమండుగురు. అందులో నలభై దాటినవాళ్ళు ఇద్దరే. మిగతా ఆరుగురికి వంతే లేదు, ఈ బల్ల వాళ్ళని ఎప్పుడూ చూడలేదు. ఆ లెక్క నాకు ఇన్ని రోజులుగా తట్టలేదు. నేను ఒక్కదాన్ని వెతుకుతూ ఎనమండుగురిని వదిలేశాను.

ఆవిడ ఇక్కణ్ణించి నేరుగా రంగుల తెప్పకి వెళ్ళింది. వాళ్ళని కూర్చోబెట్టి తనే చెప్పింది. డ్రమ్ముల మూతలు తనే బిగించింది. ఒకావిడ తిట్టిందట, ఇద్దరు ఏడ్చారట. ఈ ఎనమండుగురినీ చూసేదాకా ఓడ కదలకూడదు అని డాక్టరుగారితో మాట తీసుకున్నాకే లోపలికి వెళ్ళి పడుకుంది. సాయంత్రానికి కబురు వచ్చింది. గడ్డ తొడిమతో సహా ఊడి వచ్చింది. ఇక రెండేళ్ళపాటు మూడు నెలలకోసారి చూస్తూ ఉండాలి.

నీళ్ళ సంగతి ఎల్లాజీ బాబాయ్ చూసుకున్నాడు. ఆయన చావడం లేదని తెలిసి పులుసులు పంపినవాళ్ళంతా మీద పడ్డారు. రేడియో కోసం ముగ్గురూ వచ్చారు. తిన్నది ఎలాగూ తిరిగి ఇవ్వలేను, పెట్టిన చేతులతోనే తలా ఒక వంతు బిళ్ళ ఇవ్వండి, ఆ పిల్లలకి నీళ్ళు కావాలి అని ఇల్లిల్లూ తిరిగాడు. ఎనిమిది అడిగితే పదమూడు వచ్చాయి. తాడు దొంగిలించని ఆయన కూడా ఒకటి ఇచ్చాడు.

జూన్ 14

ఎనమండుగురూ పొద్దున్నే వచ్చారు. బయట అరుగు మీద వరసగా కూర్చుని, తలా లీటరు తాగి, కాళ్ళు మెలేసుకుని నన్ను తిడుతూ కూర్చున్నారు. తెర వేయబోతే వద్దన్నారు. ఒక్కొక్కరూ లోపలికి వచ్చి, నా ఎదురుగా నిలబడి, ఇంటిపేరుతో సహా పేరు చెప్పి, రాసుకున్నాక కూర్చున్నారు. ఎవరికీ హాస్యం ఆడలేదు. ఒకావిడ రెండుసార్లు చెక్క కొట్టింది, పట్టీ విప్పి బయటికి పంపి, మళ్ళీ తాగించి చూశాను.

ఏడుగురివి శుభ్రంగా ఉన్నాయి. ఏడోసారి ఆ మాట రాస్తున్నప్పుడు నా చెయ్యి తేలికపడింది.

ఎనిమిదో పిల్ల మరిడి. ఇరవై ఆరేళ్ళు, తెప్ప మీద అందరికంటే చిన్నది, పదహారో ఏట నించీ రంగు కలుపుతోంది. గోడ మీద కందిగింజలో సగం ఉంది. ముందు నేను పలక మీది గీత అనుకున్నాను. పట్టీ జరిపి మళ్ళీ చూశాను. గీత కాదు. తొడిమ కూడా ఇంకా సరిగ్గా మొలవలేదు.

ఓడ అప్పటికే బయల్దేరడానికి పొగ పెట్టింది. నేను పలక చంకలో పెట్టుకుని, మరిడి చెయ్యి పట్టుకుని పరిగెత్తాను. డాక్టర్ సలోమిగారు నిచ్చెన మీదే బొమ్మ చూసి, లంగరు ఎత్తొద్దని పైకి చెప్పించారు. సంఘం మనిషి ఒకాయన వెనకాల వస్తూ, వంతు లేని మనిషిని ఎవరు చూడమన్నారని నన్ను అడిగాడు. దానమ్మ అన్నాను. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

లోపల ఈ పనికి ఉన్నది ఒకటే గది, ఒకటే మంచం. దాన వదిన నిన్నటి నించీ దాని మీదే ఉంది. ఓడ కదిలే ముందు దింపేదాకా లేవకూడదని చెప్పారు. గుమ్మంలో మరిడిని చూసింది, నా చేతిలో పలక చూసింది. దుప్పటి తీసి, నొప్పికి పళ్ళు బిగించుకుని, గోడ వైపుకి జరిగింది.

"రా, ఇలా పడుకో. అరగంటే," అంది.